అడవి తోబుట్టువులు: ఎల్ఫ్‌ల దేవతల గురించి పాఠకుల ప్రశ్నలు

ఈసారి మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో మనుషులను పోలిన దీర్ఘాయుష్కుల జాతి అయిన ఎల్ఫ్‌ల మతం గురించే ఉన్నాయి. ఆట తెలియని పాఠకుల కోసం ముందుగా రెండు మాటలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆటలో ఒకరు కథ నడిపిస్తుంటే, మిగిలినవారు తలొక పాత్ర ధరించి, మాటలతోనూ పాచికలతోనూ ఆ కథను ముందుకు తీసుకువెళతారు. యాభై ఏళ్లుగా ఎందరో రచయితలు చేయి వేసిన ప్రపంచం కనుక, ఒకే దేవత గురించి రెండు మూడు కథనాలు ఉండటం ఇక్కడ మామూలే. అవి ఒకదానితో ఒకటి పొసగని చోట ఆ మాట చెప్పే ముందుకు వెళతాను.

ప్రశ్న: ఎల్ఫ్‌లు అంటేనే దేవతల్లాంటివారు కదా, వారికి మళ్లీ వేరే దేవుళ్లు దేనికి?

జవాబు: మీ సందేహానికి చరిత్ర బలం ఉంది. ఉత్తర ఐరోపా ప్రజల పాత విశ్వాసాల్లో ఎల్ఫ్‌లు పూజలు అందుకున్నవారే తప్ప చేసినవారు కారు. 1018 ప్రాంతంలో సిగ్వాట్ అనే నార్వే రాజాస్థాన కవి స్వీడన్ మీదుగా ప్రయాణిస్తూ ఒక ఇంట రాత్రి బస అడిగితే, లోపల ఎల్ఫ్‌లకు బలి జరుగుతోందని చెప్పి ఇంటి ఇల్లాలు గుమ్మంలోంచే పంపించివేసిందని తన పద్యాల్లో వాపోయాడు. పదమూడో శతాబ్దిలో ఐస్‌లాండ్ పండితుడు స్నోరి ఆల్ఫ్‌హైమ్‌లో నివసించే వెలుగు ఎల్ఫ్‌లనూ, నేల కింద ఉండే చీకటి ఎల్ఫ్‌లనూ వేరుచేసి చెప్పాడు.

ఆటలోకి వచ్చేసరికి వారి స్థానం తారుమారయింది. ఎల్ఫ్ పాత్రను ఎవరైనా ధరించవచ్చు. పూజారి పాత్రకు శక్తి దేవుడి నుంచే రావాలి. కాబట్టి ఎల్ఫ్ పూజారి చేతులు జోడించడానికి ఎదుట ఎవరో ఒకరు ఉండి తీరాలి. 1980లో వెలువడిన దేవతల సంపుటంలో ఎల్ఫ్‌ల సృష్టికర్త కొరెల్లన్ లరేథియన్ కనిపించారు. 1982లో ఆట పత్రికలో రోజర్ మూర్ రాసిన వ్యాసంతో ఆ కుటుంబం మరింత పెరిగింది. ఇందులో నాకు సరదాగా తోచే విషయం ఒకటుంది. కొరెల్లన్‌కు ద్రోహం చేసిన సాలెపురుగుల రాణి లోల్త్ 1978లోనే ఆటలో అడుగుపెట్టింది. అంటే ద్రోహి పుట్టిన రెండేళ్లకు గానీ ద్రోహానికి గురైన దైవం పుట్టలేదు.

ప్రశ్న: ‘సెల్డరైన్’ అంటే ఏమిటి? వారిలో పెద్ద ఎవరు? కొరెల్లన్ దేవుడా, దేవతా?

జవాబు: ఎల్ఫ్‌ల భాషలో సెల్డరైన్ అంటే ‘అడవి తోబుట్టువుల సహవాసం’ అని అర్థం చెబుతారు. ఆ మాటలోనే మతస్వరూపం ఉంది. అది సింహాసనమూ సామంతులూ ఉన్న కొలువు కాదు. కొరెల్లన్ అందరికంటే బలవంతులు, ఎల్ఫ్‌ల సృష్టికర్త, మంత్రవిద్యకూ కవిత్వానికీ సంగీతానికీ యుద్ధానికీ అధిదైవం; అయినా మిగిలినవారు ఆయా పనులకు తమంత తాముగా వచ్చి చేరతారు, పని ముగిశాక ఎవరి దారిన వారు వెళతారు.

కొరెల్లన్ స్త్రీయా పురుషుడా అన్నదానికి 1980 నాటి సంపుటమే సమాధానం ఇచ్చింది. ఒకప్పుడు పురుషుడు, ఒకప్పుడు స్త్రీ, ఒకప్పుడు రెండూ, మరొకప్పుడు రెండూ కాదు. ఇంగ్లీషు రచయితలు ఇక్కడ సర్వనామంతో తంటాలు పడి చాలాచోట్ల పురుషవాచకంతో సరిపెట్టుకున్నారు. తెలుగులో క్రియాపదం దగ్గరకు వచ్చేసరికి ‘చేశాడు’ అనాలో ‘చేసింది’ అనాలో తేల్చుకోక తప్పదు గానీ, అదృష్టవశాత్తూ మనకు గౌరవవాచకం అడ్డుపడి కాపాడుతుంది. అందుకే నేను మొదటినుంచీ ‘కొరెల్లన్ చేశారు’ అంటున్నాను. అది మర్యాద కోసమే కాదు, వ్యాకరణపు చిక్కు తప్పించుకోవడానికి కూడా.

మిగిలినవారిలో ముఖ్యులను పరిచయం చేస్తాను. హనాలీ సెలనిల్ ప్రేమకూ సౌందర్యానికీ దేవత, ఆమె చిహ్నం బంగారు హృదయం. లబెలస్ ఎనోరెత్ కాలానికీ దీర్ఘాయువుకూ అధిపతి, అతని చిహ్నం అస్తమించే సూర్యుడు. రిల్లిఫేన్ రల్లాథిల్ అడవులకు దేవుడు. సొలొనార్ థెలండిరా విలువిద్యకూ వేటకూ, ఏర్డ్రీ ఫేన్యా గాలికీ వాతావరణానికీ పక్షులకూ, డీప్ సాషెలస్ సముద్రపు ఎల్ఫ్‌లకూ దైవాలు. సెహనీన్ మూన్‌బో చంద్రుడికీ కలలకూ మరణానికీ దేవత. ఎరెవన్ ఇలెసెరె కొంటెతనానికి, ఫెన్‌మారెల్ మెస్టరీన్ వెలివేయబడినవారికి. చివరి ఇద్దరికీ తోబుట్టువుల్లో చోటుండటం ఈ మతాన్ని అర్థం చేసుకోవడానికి చాలా అవసరం. వారి సంగతి తర్వాత చెబుతాను.

ప్రశ్న: ఈ మతంలో ఆజ్ఞలు, నిషేధాలు పెద్దగా కనిపించవు. ‘ఇష్టం వచ్చినట్టు బతుకు’ అన్నదే వారి నీతా?

జవాబు: ఆటలో ప్రతి పాత్రకూ ఒక నైతిక ధోరణి ఉంటుంది. మంచి, చెడు అన్నది ఒక కొలత. కట్టుబాటు, స్వేచ్ఛ అన్నది మరొక కొలత. ఎల్ఫ్‌ల సహజ ధోరణిని ఆటగాళ్లు ‘కేయాటిక్ గుడ్’ అంటారు. మొదటి మాటకు నిఘంటువులో అల్లకల్లోలం అనే అర్థం ఉండటం వల్లనే మీకు ఆ అనుమానం వచ్చి ఉంటుంది. ఇక్కడ దాని భావం వేరు. పైనుంచి విధించిన నియమం కంటే తన మనస్సాక్షికి ఎక్కువ విలువనిచ్చేవారు, అయితే ఆ మనస్సాక్షి ఇతరుల మేలు కోరేదై ఉండాలి. స్వేచ్ఛ తనకెంత ముఖ్యమో ఎదుటివారికీ అంతే ముఖ్యమని గుర్తించడం దగ్గరే వారి నీతి మొదలవుతుంది.

ఆజ్ఞల పట్టిక లేని మాట నిజమే. దాని స్థానంలో దేవతల నడవడి ఉంది. రిల్లిఫేన్‌ను వారు ఒక మహా ఓక్ వృక్షంగా ఊహిస్తారు. ఎంత పెద్ద చెట్టంటే, లోకంలోని ప్రతి మొక్క వేళ్లతోనూ దాని వేళ్లు పెనవేసుకుని ఉంటాయి. ‘అకారణంగా చెట్టు నరకకు’ అని శాసనం రాయడానికీ, నువ్వు గొడ్డలి వేసిన చోట దేవుడి వేరు ఉందని కథ చెప్పడానికీ ఎంతో తేడా ఉంది. శాసనానికి మినహాయింపులు వెతకవచ్చు, వేరుకు వెతకలేము. అలాగని ఈ మతం వేటను నిషేధించదు. సొలొనార్ వేటగాళ్లకే దేవుడు. అవసరానికి మించి చంపడాన్నే ఈ ఇద్దరూ సహించరు.

లబెలస్ కథ నాకు అన్నిటికంటే లోతైనదిగా అనిపిస్తుంది. ఎల్ఫ్‌లు పుట్టినప్పుడు వారికి దీర్ఘాయువు ప్రసాదించింది అతడే. కాలం గడిచినా వారి రూపం పెద్దగా చెక్కుచెదరకుండా వరమిచ్చింది కూడా అతడే. ఆట నియమాల ప్రకారం ఎల్ఫ్‌లు ఏడువందల యాభై ఏళ్ల దాకా బతకగలరు, వందేళ్లు నిండితే గానీ తమను పెద్దవారిగా లెక్కించుకోరు. అంత కాలం బతికేవారి నీతి తొందరపాటు మీద నిలబడదు. ఇవాళ్టి కోపంతో నరికిన చెట్టు జాగాలో మొలిచిన మొక్క మానయ్యే దాకా ఉండి చూడవలసింది వారే. ఒకరికి చేసిన అన్యాయం వారి మనుమలకు కథగా మిగిలే నాటికి మనుషులమైతే మనం ఉండము. ఎల్ఫ్ మాత్రం ఆ మనుమల ఇంటి ముందు నుంచే నడిచి వెళ్లాలి. ఎల్ఫ్‌ల ఓర్పును చాలామంది వారి స్వభావంగా వర్ణిస్తారు గానీ, నా దృష్టిలో అది వారి ఆయుఃప్రమాణం నేర్పిన జాగ్రత్త. లబెలస్ పూజారులు చరిత్ర రాసిపెట్టడాన్నీ పిల్లలకు చదువు చెప్పడాన్నీ మతకర్తవ్యంగా భావించడానికి కారణమూ అదే.

ఇక హనాలీ. ప్రేమదేవత అనగానే అలంకారప్రాయమైన దేవత అనుకోవద్దు. ఆమెకు ఎవర్‌గోల్డ్ అనే ఒక కొలను ఉంది. దానిని ఆమె సూన్ అనే మానవుల దేవతతోనూ, గ్రీకుల అఫ్రొడైటీతోనూ పంచుకుంటుంది. సౌందర్యదేవతలు ముగ్గురు ఒక్క కొలను దగ్గర కలహం లేకుండా కాలక్షేపం చేయడం పురాణాలు తెలిసినవారికి నమ్మశక్యం కాదు. ఎల్ఫ్‌ల మతం మాత్రం అది సాధ్యమేనంటుంది. అందం ఎవరి సొత్తూ కాదన్నది దాని భావం. ఆమె కొంచెం గర్విష్ఠి అని కూడా ఆ కథలే ఒప్పుకుంటాయి. చిన్న చిన్న తప్పులను తేలిగ్గా క్షమించే గుణం మాత్రం ఆమెకుంది.

ప్రశ్న: నీతిని బోధించే మతంలో అల్లరి చేసే దేవుడికి పూజలెందుకు?

జవాబు: ఎరెవన్ ఒకసారి కనిపించిన రూపంలో మరోసారి కనిపించడు. పొడుగునూ ఆకారాన్నీ క్షణంలో మార్చుకుంటాడు, గొప్పవారి గొప్పతనాన్ని నవ్వులపాలు చేస్తాడు. దీర్ఘాయువు కలిగి, అందగాళ్లై, మంత్రవిద్యలో ఆరితేరిన జాతికి గర్వం తలకెక్కడం ఎంత సులువో ఊహించండి. ఎరెవన్ లేని సెల్డరైన్‌ను నేను ఊహించి చూశాను, భరించలేకపోయాను.

ప్రశ్న: స్వేచ్ఛను ఇంతగా కీర్తించే దేవతలు డ్రౌ జాతినంతటినీ వెలివేయడం న్యాయమేనా?

జవాబు: ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో ఇదే బరువైనది. కథ తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. లోల్త్ మొదట అరౌష్నీ అనే దేవత, కొరెల్లన్ సహచరి. ఆమె కొరెల్లన్‌ను కూలదోయాలని కుట్ర పన్ని, అది బయటపడి, దేవలోకం నుంచి బహిష్కృతురాలై రాక్షసిగా మారింది. ఆమె కుమారుడు వెరాన్ ఆ కుట్రలో భాగస్వామి. ఆమెను అనుసరించిన ఎల్ఫ్‌లే పాతాళంలో బతికే డ్రౌలు. 2018లో వెలువడిన మరో కథనంలో వివాదం రూపం గురించి. తొలి ఎల్ఫ్‌లు కొరెల్లన్‌లాగే ఆకారాన్ని ఇష్టానుసారం మార్చుకునేవారు. స్థిరమైన రూపం ఉంటేనే బలమని లోల్త్ కొందరిని ఒప్పించింది. దానితో కలత చెందిన కొరెల్లన్ ఎల్ఫ్‌లందరికీ ఆ శక్తిని దూరం చేసి ఆర్వాండర్ అనే తమ దేవలోకం నుంచి పంపివేశారు. ఈ కథనంలో శిక్ష ద్రోహులకే కాక అందరికీ పడింది.

‘ఫర్‌గాటెన్ రెల్మ్స్’ అనే ఆట ప్రపంచంలోనైతే శిక్ష ఇంకా స్పష్టంగా సామూహికం. అక్కడి ఎల్ఫ్ రాజ్యాల మధ్య జరిగిన కిరీట యుద్ధాల కాలంలో, ఆ లోకపు కాలగణనలో శకారంభానికి పదివేల ఏళ్ల ముందు, చీకటి ఎల్ఫ్‌లందరినీ మహామంత్రంతో డ్రౌలుగా మార్చి భూగర్భానికి తరిమేశారు. నేరం చేసినవారూ చేయనివారూ అని అందులో విచక్షణ లేదు.

న్యాయమేనా అని అడిగారు. కాదనే నా సమాధానం. ఈ మతంలో అన్నిటికంటే పెద్ద పాపం అవిధేయత కాదు. ఎరెవన్ రోజూ అవిధేయుడే, అయినా తోబుట్టువుల్లో అతని చోటు పదిలం. సహవాసాన్ని లోపలినుంచి వంచించడమే వారి లెక్కలో మహాపాపం. అరౌష్నీని వెళ్లగొట్టడం ఆ నీతికి సరిపోతుంది. అయితే ఎవరి నిర్ణయానికి వారే బాధ్యులని నమ్మే మతం, ఇంకా పుట్టని బిడ్డకు కూడా తల్లిదండ్రుల పక్షాన్ని అంటగట్టిన క్షణంలో తన మొదటి సూత్రాన్ని తానే కాదన్నట్టవుతుంది.

ఈ లోపం ఆ మతకథలకు తెలుసు, అదే వాటి గొప్పతనం. 1991లో ఎడ్ గ్రీన్‌వుడ్ ప్రవేశపెట్టిన ఎయిలిస్ట్రే అనే దేవత ఆ పగులులోంచి మొలిచిన పాత్ర. ఆమె అరౌష్నీ కుమార్తె. తల్లి కుట్రలో ఆమెకు భాగం లేదు. ఆమెను వెలివేయడానికి కొరెల్లన్‌కు మనసొప్పలేదు. ఆమే పట్టుబట్టింది. మున్ముందు చీకటి ఎల్ఫ్‌లకు తన అవసరం వస్తుందని ముందే ఎరిగి, నిర్దోషి అయి ఉండి శిక్షను కోరి తెచ్చుకుంది. వెన్నెలలో కత్తి పట్టి నృత్యం చేయడమే ఆమెకు పూజ. పాతాళం విడిచి పైకి రాదలచిన డ్రౌకు దారి చూపడం ఆమె భక్తుల పని. కొరెల్లన్ తీర్పును ఆమె ఒక్క మాటతోనైనా ఖండించదు, తీర్పు పడినవారి పక్కకు వెళ్లి నిలబడుతుంది. దేవతలు ఒక్కరే ఉన్న మతంలో ఇలాంటి సవరణకు చోటుండేది కాదు.

ఫెన్‌మారెల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చీకటిలో మెరిసే రెండు కళ్లు అతని చిహ్నం. తోబుట్టువుల్లో ఒకడై ఉండి కూడా అంచున, ఒంటరిగా, ఎవరినీ నమ్మకుండా ఉంటాడు. ఊరినుంచి వెలి అయిన ఎల్ఫ్‌కు అతడు ఓదార్పు చెప్పడు, కనబడకుండా బతకడం నేర్పుతాడు. వెలివేతకు గురైనవారికంటూ ఒక దేవుణ్ణి ఉంచుకున్నవారు వెలివేత పూర్తిగా సరైనదని నమ్మి ఉండరని నా అనుమానం.

ప్రశ్న: చనిపోయాక ఎల్ఫ్‌లు ఎక్కడికి వెళతారు?

జవాబు: ఆర్వాండర్‌కు. అది ఆర్బోరియా అనే దివ్యలోకపు మొదటి అంతస్తు. గ్రీకు దేవతలు కూడా ఆ పొరుగునే ఉంటారు. దారి చూపేది సెహనీన్. కొన్ని పాత కథనాల్లో అది శాశ్వత నివాసం, కొత్త కథనంలో కొంతకాలపు విడిది. ఆ తర్వాత మళ్లీ జన్మ ఎత్తాలి.

తొలినాళ్ల ఆట నియమాల్లో దీనికి సంబంధించి ఒక వింత ఉండేది. మనుషులకు ఉన్నట్టు ఎల్ఫ్‌లకు ఆత్మ లేదని, వేరొక రకమైన జీవశక్తి ఉందని చెప్పి, మృతులను లేపే మంత్రం వారికి పనిచేయకుండా చేశారు. ఎల్ఫ్ పాత్రకు ఉన్న సౌకర్యాలకు విరుగుడుగా పెట్టిన నియమం అది కావచ్చు గానీ, మతపరంగా అది పెద్ద చర్చకు దారితీసింది.

2018 కథనంలోని వివరాలు ఎంతో సుకుమారంగా ఉంటాయి. ఎల్ఫ్‌లు నిద్రపోరు, రోజుకు నాలుగు గంటలు ధ్యానంలాంటి స్థితిలో ఉంటారు. బాల్యంలో ఆ స్థితిలో వారికి పూర్వజన్మల జ్ఞాపకాలు కనబడతాయి. అవి మాసిపోయి, ఈ జన్మలో తాము గడిపిన రోజులే కనబడటం మొదలైతే పెద్దవారైనట్టు. ముసలితనంలో పాత జన్మలు మళ్లీ తలుపు తడతాయి. కడపటి రోజులు దగ్గరపడ్డాయనడానికి గుర్తుగా కంటిలో నెలవంక ఆకారపు పొర ఏర్పడుతుంది. నెలవంక కొరెల్లన్ చిహ్నం. పిలుపు వచ్చినట్టు ఎదుటివారికి కూడా తెలిసిపోతుంది.

డ్రౌల కంటిలో ఆ నెలవంక కనిపించదు. వారి ఆత్మలను లోల్త్ తీసుకుంటుంది. డ్రౌల వెలివేత గురించిన ప్రశ్నకు జవాబు రాస్తున్నంతసేపూ నా మనసులో మెదిలింది ఈ వివరమే.

ప్రశ్న: నా నవల కోసం సొంతంగా ఒక ఎల్ఫ్ మతాన్ని కల్పించుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: దేవతల పేర్లతో మాత్రం మొదలుపెట్టవద్దు. చాలామంది నిప్పుకొకరు, నీటికొకరు అని పంచిపెట్టి, పన్నెండు పేర్లు రాసుకుని అక్కడితో ఆగిపోతారు. ముందు మీ ఎల్ఫ్‌లు ఎన్నేళ్లు బతుకుతారో, దేనికి భయపడతారో తేల్చుకోండి. వృద్ధాప్యం లేని జాతికి ఆరోగ్యదేవత అక్కర్లేదు. మరచిపోలేని జాతికి మరుపు ప్రసాదించే దేవత కావాలి. తర్వాత ఏ ఇద్దరు దేవతలకు పొసగదో నిర్ణయించండి. వేటదేవుడికీ అడవిదేవుడికీ మధ్య ఒక జింక విషయంలో తగవు వస్తే మీ పూజారి ఎవరి పక్షం వహిస్తాడో తెలిసిందంటే కథ దానంతటదే కదులుతుంది. పండుగలు, చిహ్నాలు, మంత్రాలు ఆ తర్వాతి మాట. అన్నిటికంటే ముఖ్యంగా, మీ దేవతలు చేసిన ఒక తప్పును ఒప్పుకోండి. వారి భక్తులు ఆ తప్పును ఎలా సమర్థించుకుంటారో రాయండి.

ప్రశ్న: ఎల్ఫ్‌ల శత్రుజాతి ఓర్క్‌ల దేవుడు గ్రూంష్ ఒంటికన్నువాడు కావడానికి కొరెల్లనే కారణమంటారు. ఓర్క్‌లు అది అబద్ధమంటారు. ఏది నిజం?

జవాబు: ఎల్ఫ్‌ల మాట ప్రకారం ఇద్దరికీ భీకరపోరు జరిగింది. గ్రూంష్ చేసిన గాయాలతో కొరెల్లన్ చిందించిన రక్తం నుంచే ఎల్ఫ్‌లు పుట్టారు. సెహనీన్ కన్నీళ్లు కూడా అందులో కలిశాయని ఇంకొందరు చెబుతారు. కొరెల్లన్ గ్రూంష్ కన్ను పొడిచారు. ఓర్క్‌ల పూజారులు మా దేవుడికి మొదటినుంచీ నుదుటి నడుమ రెప్ప వేయని కన్ను ఒకటే ఉందని వాదిస్తారు. వారికి మరో ఫిర్యాదు కూడా ఉంది. దేవతలు లోకాన్ని పంచుకోవడానికి చీట్లు వేసినప్పుడు మోసం చేసి, అడవులు ఎల్ఫ్‌లకూ కొండలు మరుగుజ్జులకూ ఇచ్చేసి, ఓర్క్‌లకు ఏమీ మిగల్చలేదట. ఎల్ఫ్‌ల కథల్లో ఈ చీట్ల ప్రసక్తి రాదు.

ఏది నిజమో ఆట తేల్చదు. తేల్చకపోవడమే మంచిదని నా అభిప్రాయం. గ్రూంష్ పూజారిగా దీక్ష తీసుకునే ఓర్క్ మాత్రం తన ఎడమ కంటిని తానే పెకలించుకుంటాడు. మొదటినుంచీ ఒకే కన్నున్న దేవుడి కోసం, అదీ నుదుటి నడుమ ఉన్న దేవుడి కోసం, ఎడమ కన్నే ఎందుకు ఇవ్వవలసి వచ్చిందని అతడిని అడిగే ధైర్యం ఇంతవరకూ ఏ ఎల్ఫ్‌కూ కలిగినట్టు లేదు.